కట్టకు ఇవతల, అవతల: వరద సిమ్యులేషన్ డేటాను ఎలా దాచాలి

వరద సిమ్యులేషన్ చేసినవారు ఫలితాన్ని ఇతరుల చేతికి ఇచ్చేటప్పుడు, లెక్కలో వాడిన గ్రిడ్లన్నిటినీ, అంటే నేలను చదరపు గడులుగా విడగొట్టిన అమరికలన్నిటినీ, కలిపి ఒకే గ్రిడ్‌గా చదును చేసి ఇవ్వడం నేను చూస్తున్నంతలో అలవాటుగా మారిపోయింది. ఈ అలవాటు సరైనది కాదని నా గట్టి అభిప్రాయం. వేర్వేరు పరిమాణాల గడులున్న గ్రిడ్లను లెక్క ఏ రూపంలో జరిగిందో ఆ రూపంలోనే విడివిడిగా ఉంచాలి. అంతకంటే ముఖ్యంగా, ఏ గ్రిడ్ ఏ గ్రిడ్‌లో ఇమిడి ఉంది, ఏ గడి మీద ఏ గడులు పరుచుకున్నాయి, ఒకదాని విలువలు మరొకదానికి ఏ దారిన చేరాయి అన్న సంబంధాన్ని కూడా డేటాలో భాగంగానే రాసి పెట్టాలి. నీటి లోతు ఎంత ముఖ్యమో ఈ సంబంధమూ అంతే ముఖ్యం. విజయవాడలో ఉంటూ, బుడమేరు మీద ప్రాజెక్టులు చేసే ఇంజినీరింగ్ విద్యార్థులకు సిమ్యులేషన్, విజువలైజేషన్ నేర్పుతున్నవాడిగా ఈ మాటను కొంచెం విడమరిచి చెప్పదలిచాను.

మన ఊరి వరదకు ఒక్క గ్రిడ్ ఎందుకు చాలదో ముందు చూద్దాం. మైలవరం వైపు కొండల నుంచి దిగివచ్చే బుడమేరు వెలగలేరు దగ్గర రెగ్యులేటరును చేరుతుంది. అక్కడి నుంచి డైవర్షన్ కాలువ ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది; పాత బుడమేరు నగరపు ఉత్తర భాగం మీదుగా సాగి కొల్లేరుకు పోతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో డైవర్షన్ కాలువ కట్టకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగిపోయాయి. సరిగ్గా అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు అందులోకి సులువుగా దిగదు, కాబట్టి ఈ రెండు సంఘటనలనూ విడదీసి లెక్క కట్టలేం. బ్యారేజీ పొడవు కిలోమీటరు దాటుతుంది. గండి వెడల్పు పదుల మీటర్లు. కట్ట పైభాగం కొన్ని మీటర్లు. సింగ్‌నగర్ సందులు కొన్ని చోట్ల అంతకంటే ఇరుకు. వర్షాన్ని ఇచ్చే వాతావరణ మోడల్‌లో ఒక్కొక్క గడి కిలోమీటర్ల కొలతలో ఉంటుంది. ఇన్ని కొలతల సంగతులు ఒకే లెక్కలో కలిసినప్పుడు, పెద్ద గడుల గ్రిడ్‌లో చిన్న గడుల గ్రిడ్, దానిలో మరీ చిన్న గడుల గ్రిడ్ పెట్టుకోవడం అనువైన మార్గం.

ఊహించిన ఉదాహరణే అయినా అంకెలు పెట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. బయటి గ్రిడ్‌లో గడి కొలత 54 మీటర్లు, దానిలోని గ్రిడ్‌లో 18, తరువాతి దానిలో 6, అన్నిటికంటే లోపలి దానిలో 2 మీటర్లు అనుకుందాం. ప్రతి గ్రిడ్‌లోనూ అడ్డంగా 1,800, నిలువుగా 1,800 గడులు ఉన్నాయనుకుందాం. అప్పుడు బయటి గ్రిడ్ 97.2 కిలోమీటర్ల చదరాన్ని, లోపలి గ్రిడ్ 3.6 కిలోమీటర్ల చదరాన్ని కప్పుతాయి. నాలుగింటిలో కలిపి ఉన్న గడులు 1 కోటి 30 లక్షలకు కాస్త తక్కువ. ఒక్కొక్క విలువకు 4 బైట్ల చొప్పున, లోతు, రెండు దిశల వేగాలు అనే మూడు రాశులను, రెండు రోజుల వరదలో ప్రతి 15 నిమిషాలకు ఒకసారి రాస్తే అయ్యేది సుమారు 30 గిగాబైట్లు. ఇది మామూలు లాప్‌టాప్‌లో పట్టే డేటా. దీన్నే 2 మీటర్ల గడులతో ఒకే గ్రిడ్‌గా చదును చేస్తే గడులు 236 కోట్లు అవుతాయి, డేటా 5.4 టెరాబైట్లకు చేరుతుంది. పెరిగిన ఆ 180 రెట్లలో కొత్త సమాచారం ఒక్క ముక్క కూడా లేదు. పెద్ద గడి విలువను 729 చిన్న గడుల్లో మళ్లీ మళ్లీ రాయడమే జరిగింది.

ఇంత పెద్ద ఫైలు ఎవరూ ఇవ్వలేరు కనుక ఆచరణలో దీనికి విరుద్ధమైనది జరుగుతుంది. అన్నిటినీ 18 మీటర్లకో, 30 మీటర్లకో కుదించి, ఒక్కొక్క సమయానికి ఒక టిఫ్ ఫైలు (మ్యాపు బొమ్మ) చొప్పున ఇస్తారు. దీనివల్ల గండి దగ్గర ఎంతో శ్రమపడి సాధించిన వివరమంతా పోతుంది. అయితే వివరం పోవడం కంటే నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి ఉంది. కుదించేటప్పుడు పక్కపక్క గడుల విలువలను కలిపి సగటు తీస్తారు, అంటే ఇంటర్‌పోలేషన్ చేస్తారు. నీటి లోతుకు ఆ పని చేయకూడదు.

సత్యనారాయణపురంలో ఉండే ఒక పెద్దాయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. అలా తయారైన ఒక వరద చిత్రాన్ని తెరమీద ఆయనకు చూపించినప్పుడు చాలాసేపు పరిశీలించి, "కట్ట నెత్తిన నీళ్లెక్కడివి బాబూ? ఇవతల మూడు మీటర్లుంది, అవతల పొడిగా ఉంది. మధ్యలో కట్ట మీద ఒకటిన్నర మీటరు నీళ్లు నిలబడ్డాయని చెబుతోందే ఈ బొమ్మ!" అన్నారు. "మోడల్ ఆ మాట చెప్పలేదండీ, బొమ్మ గీసిన పద్ధతి చెప్పింది," అన్నాను. "చూసేవాడికి ఆ రెండూ వేరని ఎలా తెలుస్తుంది?" అని ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది. కట్టకు ఒక పక్క 3 మీటర్ల లోతు, మరో పక్క సున్నా ఉంటే, సగటు తీసే పద్ధతి నడుమ 1.5 మీటర్లు అని రాస్తుంది. ఆ బొమ్మలో కట్ట ఉండదు. నీరు నున్నగా వాలుతూ పొడి నేలలో కలిసిపోతున్నట్టు కనిపిస్తుంది. కట్ట తెగిందా లేదా అన్నదే మొత్తం ప్రశ్న అయిన ఊళ్లో కట్టే కనబడని బొమ్మను చూపించడం ఎంత అపచారమో వేరే చెప్పనక్కర్లేదు. ఒక గ్రిడ్ నుంచి మరో గ్రిడ్‌కు విలువలు తీసుకువెళ్లక తప్పనప్పుడు లోతును కాక నీటి ఉపరితలపు ఎత్తును తీసుకువెళ్లి, అందులోంచి చిన్న గడి నేల ఎత్తును తీసివేయాలి, తడి గడికీ పొడి గడికీ మధ్య సగటు తీయడం మానాలి. ఇది చేయాలంటే నేల ఎత్తు కూడా ప్రతి గ్రిడ్‌కూ విడిగా, ఆ గ్రిడ్ గడుల కొలతలోనే, డేటాతో పాటు ఉండాలి. చాలాసార్లు అదే ఉండదు.

గ్రిడ్లను విడివిడిగా ఇచ్చినంత మాత్రాన కూడా పని పూర్తి కాదు. నాలుగు ఫైళ్లు నాలుగు ఫోల్డర్లలో పెట్టి ఇచ్చేవారూ ఉన్నారు. విస్తీర్ణాలు రాసి హద్దులు రాయని పొలం దస్తావేజులు ఎంత ఉపయోగమో అవీ అంతే. పై ఉదాహరణలో అన్నిటికంటే లోపలి 3.6 కిలోమీటర్ల చదరం నాలుగు గ్రిడ్లలోనూ ఉంటుంది. నగరంలో ఎంత నీరు నిలిచిందో తెలుసుకోవాలని ఒక విద్యార్థి ఆ నాలుగు ఫైళ్లనూ ప్యారావ్యూ అనే విజువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, గ్రూప్ డేటాసెట్స్ అనే ఫిల్టరుతో ఒక్కటిగా చేర్చి, లోతును వైశాల్యంతో గుణించి కూడితే, సింగ్‌నగర్ నీరు నాలుగుసార్లు లెక్కకు వస్తుంది. ఆ ఫిల్టరు నాలుగింటినీ ఒక సంచిలో వేస్తుందే తప్ప ఒకటి మరొకదాని మీద పరుచుకుని ఉందన్న సంగతి దానికి తెలియదు. విద్యార్థిని తప్పుపట్టడానికి లేదు. ఆ సంగతి ఫైళ్లలో ఎక్కడా లేదు. బొమ్మలోనూ ఇదే గొడవ వస్తుంది. ఒకే ఎత్తులో రెండు ఉపరితలాలు పడి, కెమెరా కదిలినప్పుడల్లా ఒకసారి ఒక గ్రిడ్ రంగు, మరొకసారి ఇంకొక గ్రిడ్ రంగు మెరుస్తూ కనిపిస్తాయి.

దీనికి మందు ఏనాడో కనిపెట్టారు, మనమే వాడుకోవడం లేదు. విమానాల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కించేవారు 1980లలోనే ఒకదాని మీద ఒకటి పరుచుకునే గ్రిడ్లతో పనిచేశారు. రెక్కకు ఒక గ్రిడ్, దేహానికి ఒక గ్రిడ్ విడిగా కట్టుకునే ఆ పద్ధతికి కైమీరా అని పేరు. నాసా ఏమ్స్ కేంద్రంలో పుట్టిన ప్లాట్3డీ ఫైళ్లలో ప్రతి బిందువుకూ ఐబ్లాంక్ అనే ఒక పూర్ణసంఖ్యను కూడా రాసే వీలు ఉండేది. అది సున్నా అయితే ఆ బిందువును చూపకూడదు, లెక్కలోకి తీసుకోకూడదు. మార్షా బర్గర్, జోసెఫ్ ఓలిగర్ 1984లో ప్రచురించిన పద్ధతిలో, లెక్క నడుస్తుండగానే అవసరమైన చోట చిన్న గడుల గ్రిడ్లు పుడుతూ, అవసరం తీరాక పోతూ ఉంటాయి. ఏఎంఆర్ (అడాప్టివ్ మెష్ రిఫైన్‌మెంట్) అని అందరూ పిలిచే ఈ పద్ధతిలో గ్రిడ్ల మధ్య తల్లీపిల్లల సంబంధం లేకపోతే లెక్కే సాగదు. 1994లో బోయింగ్, నాసా కలిసి మొదలుపెట్టిన సీజీఎన్ఎస్ అనే ప్రవాహ డేటా ఫైళ్ల ప్రమాణంలో ఒక్కొక్క జోన్ (గ్రిడ్ ముక్క) కింద, అది ఏ జోన్‌తో ఏ హద్దు దగ్గర కలుస్తుందో రాయడానికి ప్రత్యేకంగా ఒక స్థానమే కేటాయించారు. నేడు ప్యారావ్యూ ఆధారపడే వీటీకే అనే ప్రోగ్రాముల సంకలనంలో ప్రతి గడికీ ఘోస్ట్ టైప్ అనే ఒక బైటు రాసే వీలు ఉంది. లెక్క కోసం గ్రిడ్‌ను ముక్కలు చేసినప్పుడు పొరుగు ముక్క నుంచి తెచ్చిపెట్టుకున్న నకలు గడికి అందులో 1, చిన్న గడులు పైన కప్పేసిన పెద్ద గడికి 8, దాచిన గడికి 32. ఒక్కొక్క గడికి ఒక్క బైటు ఖర్చుతో, పైన చెప్పిన నాలుగు రెట్ల తప్పూ మెరిసే రంగులూ రెండూ పోతాయి.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ మనవాళ్లు చాలామంది రోజూ వాడేదే. డబ్ల్యూఆర్ఎఫ్ వాతావరణ మోడల్ ఒక్కొక్క డొమైన్‌కు, అంటే ఒక్కొక్క గ్రిడ్‌కు, నెట్‌సీడీఎఫ్ అనే రకం ఫైలు ఒకటి రాస్తుంది; పేర్లలోనే డీ01, డీ02, డీ03 అని ఉంటాయి. ప్రతి ఫైలు తలభాగంలో ఈ గ్రిడ్ సంఖ్య ఎంత, దీని తల్లి గ్రిడ్ సంఖ్య ఎంత, తల్లి గ్రిడ్‌లో అడ్డంగా ఎన్నో గడి దగ్గర, నిలువుగా ఎన్నో గడి దగ్గర ఇది మొదలవుతుంది, గడుల కొలతల నిష్పత్తి ఎంత అన్న వివరాలు రాసి ఉంటాయి. మొత్తం అయిదు అంకెలు. ఆ అయిదు అంకెలుంటే మొత్తం అమరికను ఎవరైనా, ఎక్కడైనా, ఎన్నేళ్ల తరువాతైనా తిరిగి కట్టుకోవచ్చు. అదే డేటాను టిఫ్‌గా మార్చేటప్పుడు మొదట పోయేవి ఈ అయిదు అంకెలే కావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈ సంబంధంలో మరో పొర కూడా ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. చిన్న గ్రిడ్‌లో వచ్చిన ఫలితాన్ని పెద్ద గ్రిడ్‌కు తిరిగి అందించారా లేదా అన్నది. అందిస్తే, చిన్న గడుల కింద పడి ఉన్న పెద్ద గడిలో ఆ చిన్న గడుల సగటు ఉంటుంది. అందించకపోతే, అక్కడ పెద్ద గ్రిడ్ సొంతంగా లెక్కించుకున్న వేరే జవాబు ఉంటుంది. మొదటి సందర్భంలో ఆ పెద్ద గడిని త్వరగా చూసుకునే సంక్షిప్త రూపంగా నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండో సందర్భంలో అది గండి సంగతి తెలియని జవాబు. పైగా హద్దు దగ్గర రెండు జవాబులూ కలవక మెట్టు లాంటిది కనిపిస్తుంది. ఆ మెట్టును చూసినవారు దాన్ని అల అనుకునే ప్రమాదం ఉంది. ఒకవైపు సంబంధమా, రెండువైపులా సంబంధమా అన్న ఒక్క మాట ఫైలులో రాసి ఉంటే సరిపోతుంది. రాయకపోతే, లెక్క చేసిన మనిషిని వెతికి పట్టుకుంటే తప్ప తెలుసుకునే దారి లేదు. ఆ మనిషి అప్పటికి ఎంటెక్ ముగించి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగంలో ఉంటాడు.

గ్రిడ్లు కలిసే చోట వచ్చే పగుళ్ల గురించి కూడా చెప్పాలి. సిమ్యులేషన్లు సాధారణంగా గడి నడిమధ్య విలువను ఇస్తాయి. సమోన్నత రేఖలు, సమవిలువ ఉపరితలాలు గీయడానికి గడి మూలల దగ్గర విలువలు కావాలి. మూల విలువను చుట్టూ ఉన్న గడుల నుంచి కట్టాలి. గ్రిడ్ ముక్క అంచున ఉన్న మూలకు చుట్టూ ఉండవలసిన గడుల్లో సగం పక్క ముక్కలో ఉంటాయి. పక్క ముక్క గడుల నకళ్లు, అంటే ఘోస్ట్ సెల్స్, వెంట లేకపోతే ప్రతి ముక్కా తనకు తెలిసినంతలో వేరే విలువ కట్టుకుంటుంది. దాంతో వరద అంచు రేఖ ముక్కముక్కకూ తెగిపోతుంది. గడుల కొలతలు మారే చోట సమస్య ఇంకా కఠినం. పెద్ద గడి అంచు మధ్యలో చిన్న గడుల మూలలు వచ్చి పడతాయి, అక్కడ ఉపరితలం చీలుతుంది. గుంథర్ వెబర్ బృందం 2001లో, గడుల మధ్యబిందువులను కలిపి మరో గ్రిడ్‌గా తీసుకుని, రెండు కొలతల నడుమ ఖాళీని ప్రత్యేకంగా కుట్టే పద్ధతిని చూపింది. ఆ పద్ధతి గానీ దాని తరువాతివి గానీ పనిచేయాలంటే ఏ గడి పక్కన ఏ గడి ఉందో ముందే తెలియాలి. చదును చేసిన డేటా మీద ఇవేవీ నడవవు.

అయితే ఏ రూపంలో దాచాలి? ఫైలు రకం గురించి జరిగే వాదాలకు నేను ఎక్కువ విలువ ఇవ్వను. 1998 నుంచి ఉన్న హెచ్‌డీఎఫ్5 అనే ఫైలు రకం నేను చెప్పేవన్నీ మోయగలదు. అందులో ఒక్కొక్క లెవెల్‌కు, అంటే ఒక్కొక్క గడి కొలతకు, ఒక గ్రూపు, దాని కింద ఒక్కొక్క బ్లాకుకు, అంటే ఆ కొలత గడులున్న ఒక్కొక్క ముక్కకు, ఒక గ్రూపు, దాని కింద నేల ఎత్తు, లోతు, వేగాలు, ఘోస్ట్ టైప్ పెట్టుకోవచ్చు. పొడి గడులన్నిటిలో సున్నాలే ఉంటాయి కాబట్టి కుదింపు ఆన్ చేస్తే ఫైలు బాగా తగ్గుతుంది. దాని పక్కన ఎక్స్‌డీఎంఎఫ్ అనే చిన్న పాఠ్య ఫైలు పెడితే ప్యారావ్యూ, అలాంటిదే అయిన విజిట్ రెండూ తెరుస్తాయి. ఎక్స్‌డీఎంఎఫ్ గ్రిడ్లను ఒక సమూహంగా చూపుతుందే కానీ దేని మీద ఏది పరుచుకుందో తనంత తానుగా గ్రహించదు. అందుకే ఘోస్ట్ టైప్‌ను ఎప్పుడూ విడిగా రాయమంటాను.

పేర్ల విషయంలో మాత్రం నేను పట్టుదలగా ఉంటాను. బ్లాకు 7, బ్లాకు 12 అని సంఖ్యలతో పిలిచిన డేటాను ఏడాది తరువాత చూస్తే, తయారుచేసిన వారికే అర్థం కాదు. వెలగలేరు, జక్కంపూడి, సింగ్‌నగర్, రామవరప్పాడు అని స్థలాల పేర్లే పెట్టాలి. ప్యారావ్యూలో బ్లాకుల చెట్టు విప్పగానే ఆ పేర్లు కనిపిస్తే, ఎన్నడూ సిమ్యులేషన్ ముఖం చూడని కార్పొరేషన్ ఇంజినీరు కూడా తనకు కావలసిన దాన్ని ఎంచుకోగలడు.

నిలువు కొలతకు ఆధారం ఏమిటో రాయకపోవడం మరో పెద్ద లోపం. అడ్డం కొలతల్లో మన ప్రాంతానికి యూటీఎం అనే మ్యాపు కొలతల పద్ధతిలో 44వ ఉత్తర జోన్ అని అందరూ రాస్తారు. ఎత్తుల దగ్గరికి వచ్చేసరికి ఊరుకుంటారు. ఇస్రో వారి భువన్ వెబ్‌సైటు నుంచి తీసుకునే కార్టోడెమ్ అనే నేల ఎత్తుల డేటాలోని ఎత్తులు భూమికి ఆధారంగా తీసుకున్న దీర్ఘవృత్త గోళం నుంచి కొలిచినవి. నాసా వారి ఎస్ఆర్‌టీఎం డేటాలోని ఎత్తులు సగటు సముద్రమట్టానికి దగ్గరగా ఉండే జియోయిడ్ నుంచి కొలిచినవి. దక్షిణ భారతంలో ఈ రెండింటికీ తేడా పదుల మీటర్లలో ఉంటుంది. ఒక గ్రిడ్‌కు ఒకటి, లోపలి గ్రిడ్‌కు మరొకటి వాడి, ఆ సంగతి రాయకుండా వదిలేస్తే, రెండింటిలో లోతులు చూడ్డానికి బాగానే ఉంటాయి. నీటి ఉపరితలాన్ని గీసిన క్షణంలో ఒక గ్రిడ్ ఆకాశంలో, మరొకటి పాతాళంలో ఉంటాయి. కొలతల ప్రమాణాలకూ (యూనిట్లకూ) ఇదే వర్తిస్తుంది. బ్యారేజీ లెక్కలు క్యూసెక్కుల్లో వస్తాయి, మోడల్ సెకనుకు ఘనపు మీటర్లలో నడుస్తుంది; 11 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 31 వేల ఘనపు మీటర్లకు పైచిలుకు. ప్రతి రాశి పక్కనా దాని ప్రమాణం రాయడానికి పట్టేది ఒక్క పంక్తి.

కాలం గురించి ఒక్క మాట. చిన్న గడుల గ్రిడ్ చిన్న అంగలతో కాలంలో ముందుకు నడుస్తుంది. ఫలితాలు రాసే క్షణాలు అన్ని గ్రిడ్లకూ ఒకటి కాకపోతే, యానిమేషన్‌లో లోపలి ముక్క బయటి దానికంటే ముందో వెనకో ఉంటుంది. అందరూ కలుసుకునే క్షణాల్లోనే రాయాలని ముందే నిర్ణయించుకోవాలి.

నా మాటకు ఎదురుగా వచ్చే వాదన బలమైనదే. కలెక్టరేటులో కూర్చుని నిర్ణయం తీసుకోవలసిన అధికారికి లెవెళ్లూ బ్లాకులూ అక్కర్లేదు, ఫోనులో తెరుచుకునే ఒక్క మ్యాపు కావాలి. మ్యాపులు గీసే జీఐఎస్ సాఫ్ట్‌వేర్లు టిఫ్‌ను క్షణంలో తెరుస్తాయి, హెచ్‌డీఎఫ్5 అంటే తడబడతాయి అంటారు. నిజమే. వరద వస్తున్న రాత్రి ఎవరూ ఘోస్ట్ సెల్స్ గురించి మాట్లాడరు, మాట్లాడకూడదు కూడా. ఆ మ్యాపు ఇవ్వాలి. అయితే ఆ మ్యాపు మూల డేటా నుంచి, ఇదీ పద్ధతి అని రాసిపెట్టిన ప్రోగ్రాము ద్వారా పుట్టాలి. మూల డేటా స్థానంలో అది కూర్చోకూడదు. మ్యాపులోంచి గ్రిడ్లను తిరిగి రాబట్టలేం, గ్రిడ్ల నుంచి మ్యాపును ఎన్నిసార్లైనా గీసుకోవచ్చు. ఆ పెద్దాయన కట్ట గురించి అడిగిన ప్రశ్నకు జవాబు ఒక్క మ్యాపే చేతిలో ఉన్నవారి దగ్గర దొరకదు.

ఈ వివరాలన్నీ పని అయ్యాక చేర్చుకోవచ్చులే అనుకునేవారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. బుడమేరు కట్టలు ఇకముందూ మారుతూనే ఉంటాయి. కాలువను వెడల్పు చేస్తారు, గండ్లు పడిన చోట గోడలు కడతారు. ఎప్పుడు ఏది మారినా నేల ఎత్తు మారేది ఒకటి రెండు బ్లాకుల్లోనే. గ్రిడ్లు విడివిడిగా, సంబంధాలతో సహా ఉంటే, బయటి గ్రిడ్ నుంచి హద్దు విలువలు తీసుకుని ఆ బ్లాకునొక్కదాన్నే మళ్లీ నడిపి, పాతదాని పక్కన పెట్టి పోల్చవచ్చు. అది విద్యార్థి లాప్‌టాప్‌లో ఒక రాత్రి పని. మొదటి లెక్క ఒకవైపు సంబంధంతో జరిగి ఉంటే అంతటితో సరి. రెండువైపులా జరిగి ఉంటే, కొత్త కట్ట ఆపిన నీరు బయటి గ్రిడ్‌లో ఎటు పోయిందో చూడటానికి నాలుగు లెవెళ్లనూ మొదటి నుంచి నడపాలి. రెండింటిలో ఏది చేయాలో ఫైలు తెరిచి చూసుకోగలగాలి.